డీఈఎమ్‌లో కంకర మోడల్: స్లీపర్ 41 మి.మీ. కుంగిపోతోంది, తప్పెక్కడ?

గుత్తి_కుర్రోడు
ఎంటెక్ జియోటెక్ రెండో ఏడాది, అనంతపురంలో. గూడ్స్ బండి లోడు పడితే పట్టాల కింద కంకర ఎంత కుంగుతుందో కంప్యూటర్‌లో చూడడం నా ప్రాజెక్టు. ప్రతి రాయినీ విడిగా లెక్కగట్టే డీఈఎమ్ పద్ధతి. పెట్టె 70 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, అందులో 30 సెం.మీ. మందం కంకర, పైన 25 సెం.మీ. వెడల్పు స్లీపర్ (పట్టాల కింద అడ్డంగా వేసే సిమెంటు దిమ్మె) ముక్క. రాళ్ళన్నీ గుండ్రటి గోళాలు, సైజు 20 నుంచి 65 మి.మీ. మధ్య. రాయికీ రాయికీ ఘర్షణ 0.6. లోడు వంద సార్లు వేసి తీస్తే స్లీపర్ 41 మి.మీ. దిగిపోతోంది. మా గైడ్ గారు స్క్రీన్ చూసి "ఇది కంకరా, పెన్నా ఇసుకా?" అని నవ్వి వెళ్ళిపోయారు. వచ్చే నెల 12న రివ్యూ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరైనా చేసినవాళ్ళుంటే చెప్పండి.

పైథాన్_ప్రొద్దుటూరు
ఏ సాఫ్ట్‌వేర్?

గుత్తి_కుర్రోడు
యాడే. ఉచితం కదా అని. పీఎఫ్‌సీ లైసెన్సు కొనే స్తోమత మా డిపార్ట్‌మెంట్‌కి లేదు.

ఉగ్గానిబజ్జి
యాడే నా? యాడ దొరుకుతుంది యాడే?

సంగటిముద్ద
యాడికిలో.

ఉగ్గానిబజ్జి
😂😂 తాడిపత్రి బస్సెక్కి దిగాల

పైథాన్_ప్రొద్దుటూరు
నవ్వుకోండి గానీ మంచి సాఫ్ట్‌వేరే. లైనక్స్‌లో నడుస్తుంది, పైథాన్‌లో రాసుకోవచ్చు, నేను బెంగళూరులో ఒక కంపెనీలో గింజల గోతాము మోడల్‌కి వాడాను. 41 మి.మీ. రావడానికి సాఫ్ట్‌వేర్ కారణం కాదు. స్క్రిప్టు పెట్టు చూద్దాం.

పాత_గ్యాంగ్‌మేట్
బాబూ, నేను మీటర్ గేజీ కాలంలో చేరి బ్రాడ్ గేజీలో రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ నాకు తెలీదు. ఒక్క మాట అడుగుతా. గోలీలు పరిచి వాటి మీద స్లీపర్ పెట్టినావు, అది కుంగకుండా ఎట్లుంటుంది? కంకర రాయికి మూల ఉండాల, అంచు ఉండాల, పక్క రాయి సందులో దూరి పట్టుకోవాల. నున్నటి రాయి వస్తే పట్టాలు చూసే మా ఇన్‌స్పెక్టర్, పీడబ్ల్యూఐ, దించుకునేవాడే కాదు, లారీ వెనక్కి పంపేవాడు.

కర్నూలు_ట్రయాక్సియల్
పెద్దాయన అన్నది నిజమే, ఆకారం చాలా పెద్ద విషయం. కానీ దానికన్నా ముందు ఒక ప్రశ్న. లోడు ఎంత వేశావు తమ్ముడూ?

గుత్తి_కుర్రోడు
బాక్స్‌ఎన్ అనే గూడ్స్ వ్యాగన్ ఇరుసు లోడు 22.9 టన్నులు తీసుకున్నా మేడమ్. ఒక చక్రానికి సగం, 11.45 టన్నులు. అంటే 112 కిలోన్యూటన్లు. అదే స్లీపర్ ముక్క మీద వేశా, సెకనుకి 10 సార్లు.

కర్నూలు_ట్రయాక్సియల్
దొరికింది.

సంగటిముద్ద
ఏం దొరికింది?

కర్నూలు_ట్రయాక్సియల్
చక్రం బరువంతా ఒకే స్లీపర్ మీద పడదు. పట్టా అనేది ఒక దూలం. చక్రం కింద అది వంగి, బరువుని అటు రెండు ఇటు రెండు స్లీపర్లకి పంచుతుంది. నేరుగా చక్రం కింద ఉన్న స్లీపర్‌కి వచ్చేది సుమారు 40 శాతం. సాగే పునాది మీద దూలం అని వింక్లర్ 1867లో చెప్పిన లెక్కే ఇది, బీటెక్‌లో చదివే ఉంటావు. ఆ 40 శాతమంటే 45 కిలోన్యూటన్లు. బండి వేగానికి కొంత కలుపుకుంటే 60 అనుకో. ఆ 60 కూడా స్లీపర్ చివర దాదాపు మీటరు పొడవున పరుచుకుంటుంది. 25 సెం.మీ. వెడల్పుతో లెక్కేస్తే 240 కిలోపాస్కల్ ఒత్తిడి. నీ ముక్క పొడవు 30 సెం.మీ. మాత్రమే, విస్తీర్ణం 0.075 చదరపు మీటర్లు. కాబట్టి నువ్వు వేయాల్సింది 18 కిలోన్యూటన్లు, 112 కాదు. 1500 కిలోపాస్కల్ ఒత్తిడితో నొక్కావు పాపం ఆ రాళ్ళని, ఆరు రెట్లు.

గుత్తి_కుర్రోడు
అయ్యో.

ఉగ్గానిబజ్జి
బండిని పట్టా లేకుండా డైరెక్టుగా కంకర మీదికి ఎక్కించినాడు సామీ

కడపబండ
అదేం వింత కాదు. మా కాలేజీలో ఒకడు ఇదే తప్పుతో పేపర్ రాసేసి కాన్ఫరెన్స్‌కి కూడా పోయొచ్చాడు. అక్కడ ఎవరూ అడగలేదు, అదీ అసలు కథ.

గుత్తి_కుర్రోడు
18తో మళ్ళీ నడిపా. 13 మి.మీ.కి తగ్గింది. మేడమ్ మీకు ఉగ్గాని పార్టీ. కానీ 13 కూడా ఎక్కువే కదా, వంద సార్లకే?

కర్నూలు_ట్రయాక్సియల్
చాలా ఎక్కువ. పెట్టెలోకి రాళ్ళు ఎలా నింపావు?

గుత్తి_కుర్రోడు
పైనుంచి పడేశా, గురుత్వాకర్షణతో అవే సర్దుకునే దాకా ఆగా. ఘర్షణ 0.6 మొదటి నుంచీ అదే.

శెనక్కాయల_షావుకారు
నేను ఇంజినీర్ని కాదు, మాది కళ్యాణదుర్గం దగ్గర, శెనక్కాయల వ్యాపారం. కానీ ఈ ముక్క నాకు బాగా తెలుసు. కాయలు సంచిలోకి ఊరికే పోస్తే ఒక మట్టం వస్తుంది. సంచిని రెండుసార్లు నేలకేసి కుదిపితే జానెడు దిగుతుంది. రైతు కుదిపించడు, మేము కుదిపిస్తాం, దాని మీదే సగం తగాదాలు. నువ్వు కుదపని సంచి మీద కూర్చుని ఎందుకు దిగిందని అడుగుతున్నావు.

పైథాన్_ప్రొద్దుటూరు
ఈ చర్చలో ఇప్పటి దాకా వచ్చిన బెస్ట్ పోస్టు ఇది.

కర్నూలు_ట్రయాక్సియల్
సరిగ్గా అదే. ఘర్షణ 0.1 దాకా తగ్గించి రాళ్ళు నింపు. రాళ్ళు ఒకదాని మీద ఒకటి జారి దగ్గరగా కూర్చుంటాయి. పైన కొంచెం నొక్కి వదిలి, అన్నీ నిమ్మళించాక అప్పుడు 0.6కి మార్చు. ఎంత జారనిస్తే అంత గట్టి పేర్పు వస్తుంది. అలాగే రాళ్ళు పడేటప్పుడు డ్యాంపింగ్ (కదలికని అణిచేది) ఎక్కువ ఉన్నా పర్లేదు గానీ, లోడు వేసేటప్పుడు అదే ఉంచితే స్లీపర్ తేనెలో దిగినట్టు దిగుతుంది, కాబట్టి తగ్గించు. నిజం పట్టా మీద ఈ కుదిపే పని స్లీపర్ కింద కంకర కూరే ట్యాంపింగ్ మెషిన్, తర్వాత నడిచే బండ్లు చేస్తాయి.

పాత_గ్యాంగ్‌మేట్
ట్యాంపింగ్ కంకరని గట్టి చేస్తుందని అందరూ అనుకుంటారు. స్లీపర్ కింద గట్టి చేస్తుంది, పక్కన వదులు చేస్తుంది. అందుకే మెషిన్ పోయిన వెంటనే స్పీడు తగ్గించి నడుపుతారు, కొన్ని బండ్లు పోయినాక మెల్లగా పెంచుతారు. స్టెబిలైజర్ అని ఇంకో మెషిన్ వచ్చినాక ఆ పని తొందరగా అవుతోంది, అది పట్టాని పట్టుకుని అడ్డంగా వణికిస్తూ నొక్కుతుంది. మా కాలంలో బీటర్లతో కొట్టేవాళ్ళం, నలుగురు ఒక స్లీపర్‌కి. ఎండాకాలం డోన్ దగ్గర ఆ పని చేసినవాడికి నరకం కొత్తగా ఉండదు.

శెనక్కాయల_షావుకారు
పెద్దాయనా, స్లీపర్ గట్టిగా కూర్చుందో లేదో ఎట్ల తెలిసేది?

పాత_గ్యాంగ్‌మేట్
బండి పోయేటప్పుడు దూరంగా నిలబడి చూస్తే తెలిసేది. చక్రం మీదికి రాగానే ఊగే స్లీపర్ ఒకటి కిందికి పోయి పైకి లేస్తుంది, పక్కవి కదలవు. ఇంకో గుర్తు ఉంది. ఊగే స్లీపర్ మూలల దగ్గర కంకర మీద తెల్లటి పిండి పడి ఉంటుంది, సున్నం చల్లినట్టు. రాయీ సిమెంటూ ఒకదాన్నొకటి అరగదీసుకున్న పొడి అది. కీమ్యాన్‌గా పట్టా తనిఖీకి పొద్దున్నే నడుస్తుంటే నేను పట్టాలు చూసేది తక్కువ, ఆ పొడి కోసం చూసేది ఎక్కువ.

గుత్తి_కుర్రోడు
ఇది ఏ పేపర్‌లోనూ చదవలేదు. థాంక్స్ తాతా. గట్టిగా నింపి నడిపా. 13 నుంచి 6 మి.మీ.కి వచ్చింది.

ఎఫ్‌ఈఎమ్_చాలదా
ఇంత తిప్పలు దేనికో నాకర్థం కావడం లేదు. కంకరని ఒక పొరగా తీసుకుని 150 మెగాపాస్కల్ మాడ్యులస్ (గట్టిదనం) ఇచ్చి, రాళ్ళని విడదీయకుండా మొత్తాన్ని ఒకే పదార్థంగా లెక్కగట్టే ఎఫ్‌ఈఎమ్‌లో పెడితే పది నిమిషాల్లో జవాబు వస్తుంది. పట్టా ఎంత వంగింది, మట్టి మీద ఎంత ఒత్తిడి పడింది, అన్నీ తెలుస్తాయి. రాళ్ళు లెక్కపెట్టుకోవడం ఎందుకు?

కర్నూలు_ట్రయాక్సియల్
వంగడం తెలుస్తుంది, ఒప్పుకుంటా. బండి పోయాక పట్టా మొదటి చోటికే వచ్చేస్తుంది నీ మోడల్‌లో. నిజంగా కంకర ప్రతి బండికీ వెంట్రుకవాసి కిందే ఉండిపోతుంది. ఆ మిగిలిపోయేది తెలియాలంటే నువ్వు ఏదో ఒక సూత్రం ముందే చేర్చాలి, అంటే జవాబు ముందే తెలిసుండాలి. డీఈఎమ్‌లో అది రాళ్ళు జరగడం వల్ల దానంతట అదే వస్తుంది. కుండాల్, స్ట్రాక్ 1979లో ఈ పద్ధతి రాసినప్పుడు చేసింది చాలా సాదా పని: రెండు గింజలు కాస్త ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుంటే ఆ చొచ్చినంత మేరకి తోపు, పక్కకి జారితే ఘర్షణ, అంతే. మిగతాదంతా న్యూటన్ చూసుకుంటాడు.

ఎఫ్‌ఈఎమ్_చాలదా
మరి మీ న్యూటన్ గారు పది లక్షల లోడ్లు ఎప్పటికి పూర్తి చేస్తారు?

పైథాన్_ప్రొద్దుటూరు
ఇక్కడ మాత్రం ఎఫ్‌ఈఎమ్ గారిదే పైచేయి. లెక్క చూడండి. 40 మి.మీ. రాయి బరువు 90 గ్రాములు. తగులుకునే చోట గట్టిదనం మీటరుకి పది కోట్ల న్యూటన్లు అనుకుంటే, లెక్కలో ఒక్కో అడుగూ (ఒకసారికి ముందుకు జరిపే కాలం) సెకనులో లక్షో వంతు కన్నా తక్కువ పెట్టాలి, లేకపోతే రాళ్ళు పేలిపోయినట్టు ఎగిరిపోతాయి. 6 మైక్రోసెకన్లు అనుకోండి. 75 కి.మీ. వేగంతో పోయే బాక్స్‌ఎన్‌లో జంట ఇరుసుల మధ్య 2 మీటర్లు, అంటే సెకనుకి సుమారు 10 పోట్లు (లోడు ఒకసారి పడి లేవడం ఒక పోటు). ఒక్క పోటుకి దాదాపు 17 వేల అడుగులు. వంద పోట్లకి 17 లక్షలు. పది లక్షల పోట్లకి 1700 కోట్లు.

సంగటిముద్ద
పది లక్షల పోట్లు అంటే నిజంగా ఎన్నాళ్ళ బండ్లు?

పాత_గ్యాంగ్‌మేట్
58 వ్యాగన్ల బండికి 232 ఇరుసులు, ఇంజిన్‌వి ఆరు. ముద్దనూరు థర్మల్‌కి పోయే బొగ్గు, సిమెంటు బండ్లు అన్నీ కలిపి రోజుకి ఇరవై అనుకుంటే ఐదువేలకి కొంచెం తక్కువ. ఏడు నెలలు పడుతుంది.

పైథాన్_ప్రొద్దుటూరు
కంప్యూటర్ కన్నా రైలే తొందరగా తేలుస్తుంది అన్నమాట 😀

గుత్తి_కుర్రోడు
గోళాలతో వంద పోట్లకి గంటన్నర పడుతోంది నా ల్యాప్‌టాప్‌లో. గట్టిదనం పదో వంతుకి తగ్గిస్తే?

పైథాన్_ప్రొద్దుటూరు
అడుగు మూడు రెట్లు పెద్దది పెట్టుకోవచ్చు, పది రెట్లు కాదు, వర్గమూలం లెక్క. కానీ రాళ్ళు మైనంలా ఒకదానిలోకి ఒకటి దూరతాయి. స్లీపర్ కింద ఉన్న రాళ్ళు ఎంత చొచ్చుకుంటున్నాయో అచ్చు వేసి చూడు. రాయి సైజులో ఒక శాతం దాటితే వద్దు.

డోన్_క్రషర్
ఈ చర్చ మా బావమరిది పంపించాడు. మాది క్రషర్, రైల్వేకి కంకర వేసినాం కొన్నాళ్ళు. ఇంతమంది ఆకారం ఆకారం అంటున్నారు, అసలు రాయి చూశాడా ఈ అబ్బాయి? రైల్వే పరీక్షలో 65 మి.మీ. జల్లెడ మీద 5 శాతానికి మించి మిగలకూడదు, 40 మీద 40 నుంచి 60 శాతం మిగలాలి, 20 మీద 98 శాతానికి తగ్గకూడదు. ఇవి జల్లెడ లెక్కలు. పలచటి పెచ్చు కూడా జల్లెడలో నిలువుగా జారిపోతుంది, సైజు సరిపోయిందనే చూపిస్తుంది. మొదట రాయి పగలగొట్టే జా క్రషర్ నుంచి నేరుగా వచ్చే రాయిలో పెచ్చులు ఎక్కువ, తర్వాతి కోన్ క్రషర్‌లో వేశాక తగ్గుతాయి. ఒకసారి మా రాయి అబ్రేషన్ (అరుగుదల) 30 శాతం దాటిందని కుప్ప మొత్తం తిప్పి పంపినారు, ఆ రోజు నష్టం ఇప్పటికీ కలలోకి వస్తుంది. కావాలంటే ఒక గోతాం రాళ్ళు ఇస్తా, వచ్చి తీసుకుపో.

కడపబండ
మా కడప బండ పగలగొట్టి వేయకూడదా? నల్లగా అందంగా ఉంటుంది పట్టా.

డోన్_క్రషర్
పొరలు పొరలుగా చీలే రాయి నాయనా అది. ఇంటి అరుగుకి బంగారం, పట్టా కింద వేస్తే పలకలు అవుతాయి. నీ హ్యాండిల్‌కి నువ్వే అన్యాయం చేసుకోకు.

నల్లరేగడి
రాళ్ళ గోల సరే, కింద మట్టి సంగతి ఎవరూ ఎత్తరేం? నంద్యాల వైపు మా నేల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఈ మోడల్ నవ్వుతూ చూస్తారు. పెట్టె అడుగు ఇనుప గోడ కదా నీ మోడల్‌లో?

గుత్తి_కుర్రోడు
అవునన్నా, గట్టి గోడే.

పాత_గ్యాంగ్‌మేట్
నల్లరేగడి మీద వానాకాలం పని అంటే ఏడుపే. బండి పోయిన ప్రతిసారీ కంకర సందుల్లోంచి నల్ల బురద పైకి ఎగదన్నేది. ఎండితే ఆ బురదే సిమెంటులా రాళ్ళని అతికిస్తుంది, నీళ్ళు పోవు, మళ్ళీ వానకి మెత్తబడుతుంది. ఎంత కంకర పోసినా మింగేసేది.

నల్లరేగడి
అదే నేను అనేది. ఆ బురదని ఏ గోళంతో చూపిస్తాడు?

కర్నూలు_ట్రయాక్సియల్
చూపించనక్కర్లేదు. ఎంటెక్ ప్రాజెక్టు ఒక ప్రశ్నకి జవాబు చెప్తే చాలు, నంద్యాల మట్టి ఇంకొకరికి వదిలేద్దాం. అడుగు గట్టిగా పెట్టుకుని, అది గట్టి అని రిపోర్టులో రాస్తే అబద్ధం కాదు. రాయకపోతే అబద్ధం.

మోడరేటర్_3
ఉగ్గాని, యాడికి జోకులు వేరే టాపిక్‌లో పెట్టుకోండి, పదకొండు పోస్టులు తీసేశాను.

ఉగ్గానిబజ్జి
యాడికి తీసేశారు?

గుత్తి_కుర్రోడు
పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చా. క్రషర్ అన్న దగ్గర గోతాం తెచ్చుకున్నా, బస్సు కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు, అది వేరే కథ. అందులోంచి ముప్పై రాళ్ళు ఏరి, మా చెల్లెలు కేకులు చేసే తిరుగుడు స్టాండు మీద ఒక్కొక్కటీ పెట్టి, కింద పేపరు పరిచి, కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో రాయికి అరవై ఫోటోలు తీశా. రాయి తెల్లటి గ్రానైట్, మెరుపు లేదు కాబట్టి ఫోటోల నుంచి త్రీడీ ఆకారం బాగానే వచ్చింది. అడుగు భాగం కోసం తిప్పి మళ్ళీ తీయాలి, అది మొదటి ఐదు రాళ్ళకి మర్చిపోయా. ప్రతి ఆకారాన్నీ 12 నుంచి 18 చిన్న గోళాలు అతికించిన ముద్దగా చేసి మోడల్‌లో పెట్టా. వంద పోట్లకి 2.8 మి.మీ. వచ్చింది. టైమ్ మాత్రం ఒకటిన్నర రోజు.

పైథాన్_ప్రొద్దుటూరు
వంద పోట్లకి ఒకటిన్నర రోజంటే పది లక్షలకి 41 ఏళ్ళు. నీ మనవడు వైవా ఇస్తాడు.

ఎఫ్‌ఈఎమ్_చాలదా
ఒక మాట అడుగుతా, కోపం వద్దు. మొదట 41. లోడు మార్చావు, 13. నింపడం మార్చావు, 6. ఆకారం మార్చావు, 2.8. ఇప్పుడు ఆగిపోయావు, ఎందుకంటే ఈ నంబరు నీకు నచ్చింది. ఒకవేళ 0.3 వచ్చుంటే ఇంకేదో వెతికి మార్చేవాడివి. ఇది మోడలింగా, జాతకమా?

సంగటిముద్ద
దెబ్బ 🔥

గుత్తి_కుర్రోడు
లోడు తప్పు నిజంగా తప్పే కదా అన్నా. అది నచ్చక మార్చింది కాదు.

ఎఫ్‌ఈఎమ్_చాలదా
లోడు ఒప్పుకుంటా. ఆకారం కూడా రాయి చూసి చేశావు, ఒప్పుకుంటా. ఆ 0.6 ఎక్కడిది? 0.1తో నింపమన్నారు, 0.1 ఎందుకు, 0.2 ఎందుకు కాదు?

కర్నూలు_ట్రయాక్సియల్
ఈ ప్రశ్న రివ్యూలో వస్తే మనవాడు నీళ్ళు నమిలేవాడు, ఇక్కడే రావడం మంచిదైంది. 0.1 అన్నది నేనే, అలవాటు కొద్దీ చెప్పా, అది మొట్టికాయకి తగ్గ మాటే. సరైన దారి ఏమిటంటే పెట్టె పరీక్షతో సంబంధం లేని ఇంకో చిన్న పరీక్షతో ఆ అంకెలు తేల్చుకుని, ఆ తర్వాత వాటిని ముట్టుకోకూడదు. ఘర్షణకి కుప్ప కోణం, అంటే పోసిన రాళ్ళ కుప్ప ఎంత ఏటవాలుగా నిలుస్తుందో చూడు. నింపడానికి, నిజం రాళ్ళు తెలిసిన డబ్బాలో నింపి తూకం వేసి, ఎంత ఖాళీ మిగిలిందో లెక్కగట్టి, మోడల్‌లో అంతే ఖాళీ వచ్చే దాకా సర్దు. కుంగడం ఎంత వచ్చిందో చూడకుండా చెయ్యి ఇదంతా.

గుత్తి_కుర్రోడు
హాస్టల్ వెనక చేశా నిన్న. పెయింటు డబ్బా రెండు మూతలూ కోసేసి గొట్టంలా చేసి, రాళ్ళు నింపి, ఇద్దరం కలిసి మెల్లగా పైకి లాగాం. రాళ్ళు దొర్లి కుప్ప అయ్యాయి. మొదటిసారి మా ఫ్రెండ్ గబుక్కున లాగేశాడు, కుప్ప ఒక పక్కకి ఒరిగింది, లెక్కలోకి తీసుకోలేదు. ఆరుసార్లు చేసి పక్క నుంచి ఫోటో తీసి కోణం కొలిస్తే 38 నుంచి 41 డిగ్రీల మధ్య ఉంది. వార్డెన్ వచ్చి ఇల్లు కట్టిస్తున్నారా అన్నాడు.

అసలు విషయం ఇది: గోళాలతో ఘర్షణ ఎంత పెంచినా కుప్ప 25 డిగ్రీలు దాటడం లేదు, దొర్లిపోతున్నాయి. ముద్దలతో 0.5 దగ్గరే 39 వచ్చింది. కాబట్టి 0.6 కాదు, 0.5. తూకం డబ్బాతో చూస్తే ఖాళీ 43 శాతం. అది రావాలంటే నింపేటప్పుడు ఘర్షణ 0.1 కాదు, 0.2 దగ్గర. ఈ రెండూ పెట్టి, కుంగడం ఎంతో చూడకుండా కట్టేసి, నిన్న రాత్రి నడపడం మొదలుపెట్టా.

పాత_గ్యాంగ్‌మేట్
గోలీ దొర్లుతుంది, కంకర దొర్లదు. మొదటి రోజే చెప్పినా.

శెనక్కాయల_షావుకారు
చెప్పినారు పెద్దాయనా, 39 డిగ్రీలని చెప్పలేదు.

పాత_గ్యాంగ్‌మేట్
అది కూడా నిజమే.

గుత్తి_కుర్రోడు
వచ్చింది. 3.6 మి.మీ. ఎక్కువైంది 2.8 కన్నా. కానీ ఈసారి నాకు భయం లేదు, ప్రతి అంకె ఎక్కడిదో చెప్పగలను. ఇందులో మొదటి పోటుకే 2.6 దిగింది, మిగతా 99 పోట్లకి కలిపి ఒక మిల్లీమీటరు.

కర్నూలు_ట్రయాక్సియల్
చూశావా, మొదట గబగబా, తర్వాత లాగరిథమ్‌లా మెల్లగా. నిజం కంకర నడక కూడా ఇంతే. వందకి 3.6 అంటే ఆ గీతనే పొడిగిస్తే పది లక్షలకి 5.6 వస్తుంది. కానీ పొడిగించిన భాగాన్ని గ్రాఫ్‌లో చుక్కల గీతతో వేయి, ఎందుకంటే నీ ముద్దలు విరగవు. నిజం రాయి మూలలు విరుగుతాయి, సందులు పొడితో నిండుతాయి. ఆ భాగం నీ మోడల్‌కి తెలియదు.

పైథాన్_ప్రొద్దుటూరు
బలాల బొమ్మ కూడా వేసి పెట్టు, రాళ్ళ మధ్య తోపుని గీతల మందంగా చూపించేది. కమిటీకి గ్రాఫ్ కన్నా అదే గుర్తుంటుంది.

గుత్తి_కుర్రోడు
వేశా. స్లీపర్ అడుగు కింద రాళ్ళన్నీ బరువు మోస్తాయనుకున్నా. తొమ్మిదే మోస్తున్నాయి! మిగతావి పక్కన ఊరికే కూర్చున్నాయి. ఆ తొమ్మిదింటి నుంచి లావుపాటి గీతలు కొమ్మల్లా కిందికి చీలుతున్నాయి. తప్పేమో అని రెండుసార్లు చూసుకున్నా.

పాత_గ్యాంగ్‌మేట్
తప్పు కాదు. పాత స్లీపర్ మార్చేటప్పుడు తిరగేసి చూస్తే అడుగున సిమెంటు మీద గాట్లు ఉంటాయి, రాయి కుచ్చుకున్న చోట. మొత్తం అడుగంతా ఉండవు, ఇక్కడొకటి అక్కడొకటి. ఆ గాట్ల చోటే బరువు. మేము దాన్ని పెద్దగా పట్టించుకునేవాళ్ళం కాదు, చూసి పక్కన పడేసేవాళ్ళం.

ఎఫ్‌ఈఎమ్_చాలదా
ఇది నా పొర మోడల్‌లో రాదు. ఒప్పుకుంటున్నా. రబ్బరు ప్యాడ్ స్లీపర్ అడుగున అతికిస్తే ఆ తొమ్మిది ఎన్ని అవుతాయో చూడు, ప్రాజెక్టుకి రెండో భాగం దొరికినట్టే.

గుత్తి_కుర్రోడు
గైడ్ గారు కూడా సరిగ్గా అదే అన్నారు నిన్న! అంటే ఇంకో ఒకటిన్నర రోజు, ప్యాడ్ మెత్తదనానికి మూడు రకాలు అంటే నాలుగున్నర రోజులు. హాస్టల్‌లో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి.

పైథాన్_ప్రొద్దుటూరు
ప్రతి పది పోట్లకి ఒకసారి సేవ్ చేసేలా స్క్రిప్టులో రెండు లైన్లు కలుపు, పంపిస్తా. కరెంటు పోయినా ఆగిన చోట నుంచే ఎత్తుకుంటుంది.

గుత్తి_కుర్రోడు
తాతా, రివ్యూ అయ్యాక గుత్తి దగ్గర పట్టా చూడ్డానికి వద్దామనుకుంటున్నా, ఆ తెల్ల పొడి నా కళ్ళతో చూడాలి.

పాత_గ్యాంగ్‌మేట్
ఊరికే పట్టా మీదికి పోవద్దు, పర్మిషన్ లేకుండా అస్సలు వద్దు. కాలేజీ నుంచి లెటర్ రాయించుకో, సెక్షన్ ఆఫీసులో ఇయ్యి, మనిషిని తోడు పంపుతారు. అది కుదరకపోతే ఏదైనా లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర బయటే నిలబడు, బండి పోయేటప్పుడు స్లీపర్ల మూలలు చూడు. చెవుల్లో ఆ వైర్లు మాత్రం పెట్టుకోవద్దు.

డోన్_క్రషర్
అన్నీ బాగున్నాయి గానీ అబ్బీ, రాళ్ళు నువ్వే ఉంచుకో. గోతాం మాత్రం తిరిగి పంపు, కొత్తది అది.